అలాస్కా క్రూజ్‌తో కలిపి భూభాగ యాత్ర: ప్యాకేజీ ధర గిట్టుబాటవుతుందా?

నీలిసంద్రం

నమస్కారం. వచ్చే వేసవిలో మా దంపతులం, మా అత్తమామలు కలిసి నలుగురం అలాస్కా వెళ్లాలనుకుంటున్నాం. వాంకూవర్‌లో ఓడ ఎక్కి, ఏడు రాత్రుల తరువాత విట్టియర్‌లో దిగి, అక్కడి నుంచి నాలుగు రాత్రులు డెనాలి జాతీయ పార్కు, ఫెయిర్‌బ్యాంక్స్ నగరం చూసుకుని విమానమెక్కే యాత్ర ఒకటి మాకు నచ్చింది. అయితే ఓడ ప్రయాణానికి మాత్రమే అయ్యే ధరకూ, భూభాగ యాత్ర కలిపిన ధరకూ ఉన్న తేడా చూసి వెనకాడుతున్నాం. దానికి తోడు సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే ఏడు రాత్రుల క్రూజ్ ఇంకా చవకగా కనిపిస్తోంది. ఏజెంటును అడిగితే అన్నీ అందులోనే ఉన్నాయంటున్నారు. ఆ అన్నింటిలో ఏమేమి ఉన్నాయో, ఏమేమి లేవో, పెట్టిన డబ్బుకు తగినది దక్కుతుందో లేదో ఎలా లెక్కగట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

లెక్కలమాస్టారు

నీలిసంద్రం గారూ, కలిపి చెప్పిన ధరను కలిపే చూస్తే ఎవరికీ ఏమీ తేలదు. ముందు దానిని విడదీయాలి. అదే ఓడ, అదే తేదీ, అదే తరగతి క్యాబిన్ తీసుకుని, ఓడ ప్రయాణం ఒక్కదానికే ఎంతో చూడండి. కలిపిన ధరలో నుంచి దానిని తీసివేస్తే మిగిలేది భూభాగ యాత్ర ధర. ఈ తీసివేత చేసేటప్పుడు రెండు వైపులా పన్నులు, పోర్టు రుసుములు కలిపైనా ఉండాలి, తీసివేసైనా ఉండాలి. అలాస్కా జలాల్లో 72 గంటలు మించిన ఓడ ప్రయాణానికి ఆ రాష్ట్రం తలకు 34.50 డాలర్ల పన్ను వేస్తుంది. ఇలాంటివి ఒక ధరలో కలిసి, మరొక ధరలో కలవకపోతే లెక్క మొదట్లోనే పక్కదారి పడుతుంది.

లెక్క కోసం నేను వేసుకున్న అంకెలతో చెబుతాను. ఓడ ఒక్కటే తలకు 1,500 డాలర్లు, కలిపితే 2,900 డాలర్లు అనుకుందాం. తేడా 1,400, దంపతులకు 2,800, నాలుగు రాత్రులకు భాగిస్తే గదికి రాత్రికి 700 డాలర్లు. ఈ అంకె వినగానే గుండె గుభేలుమంటుంది గాని, అది గది అద్దె ఒక్కటే కాదు. అందులో రైలు టికెట్లు, ఓడరేవు నుంచి రవాణా, పెట్టెల చేరవేత, డెనాలి పార్కులో ఒక బస్సు పర్యటన కలిసి ఉంటాయి. వీటిలో విడిగా అమ్మే ప్రతిదానికీ విడి ధర చూసి ఒక కాగితం మీద రాయండి. అలాస్కా రైల్‌రోడ్ టికెట్లు, పార్కు బస్సు టికెట్లు ఎవరైనా నేరుగా కొనుక్కోవచ్చు, లాడ్జి గదులు కూడా అంతే. ఆ కాగితం మీది మొత్తానికీ, మీరు తీసివేసి తెలుసుకున్న తేడాకూ మధ్య ఉన్నదే ప్యాకేజీ వాళ్లు వసూలు చేసే ఏర్పాట్ల ఖర్చు. అది పది పదిహేను శాతంలో ఉంటే నేనైతే మారు మాట్లాడకుండా ఇచ్చేస్తాను. ముప్పై దాటితే మాత్రం కూర్చుని ఆలోచిస్తాను.

ఒక్క జాగ్రత్త. ఓడ ధరతో పాటు పానీయాలు, ఇంటర్నెట్, ఓడలో ఖర్చుపెట్టుకునే సొమ్ము అంటూ కొన్ని ఆఫర్లు ఇస్తారు. అవి ఓడ దిగగానే ముగిసిపోతాయి. భూమి మీది నాలుగు రాత్రులకూ అవి వర్తిస్తాయని లెక్కలో వేసుకోకండి.

పటంచూపు

సియాటిల్ ధరతో పోలిక గురించి ఒక మాట. ఆ రెండూ ఒకే సరుకు కావు. అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల నౌకల చట్టం ఒకటి ఇప్పటికీ అమలులో ఉంది. దాని ప్రకారం విదేశీ జెండాతో నడిచే ఓడ ఒక అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని నేరుగా మరొక అమెరికా రేవులో దించడానికి వీలులేదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండాలతోనే నడుస్తాయి కాబట్టి, సియాటిల్‌లో ఎక్కి విట్టియర్‌లోనో సెవార్డ్‌లోనో దిగే మామూలు క్రూజ్ మీకు కనబడదు. సియాటిల్ ఓడలు మధ్యలో కెనడాలోని ఒక రేవును, చాలాసార్లు విక్టోరియాను, తాకి తిరిగి సియాటిల్‌కే వస్తాయి. అలాస్కా లోపలి భూభాగానికి దారితీసే ఒకవైపు ప్రయాణాలు వాంకూవర్‌తో ముడిపడి ఉండటానికి కారణం ఇదే. ఈ చట్టం ఎంత గట్టిదంటే, కోవిడ్ కాలంలో కెనడా తన రేవులను మూసివేసినప్పుడు 2021లో అమెరికా చట్టసభ తాత్కాలిక మినహాయింపు చట్టం చేస్తే గాని సియాటిల్ ఓడలు అలాస్కా వైపు కదలలేకపోయాయి.

దారి కూడా వేరు. వాంకూవర్ నుంచి వెళ్లే ఓడ ఎక్కువ భాగం దీవుల మధ్య ఇన్‌సైడ్ పాసేజ్‌లో సాగుతుంది. సియాటిల్ ఓడలు చాలావరకు వాంకూవర్ దీవికి పడమటి వైపు, తెరిచిన సముద్రంలో వెళతాయి. కుదుపు పడనివారికి ఇది చిన్న విషయం కాదు.

అయితే ఒకవైపు ప్రయాణానికి దాని ఖర్చు దానికి ఉంది. వెళ్లే విమానం ఒక ఊరికి, తిరిగి వచ్చే విమానం మరొక ఊరి నుంచి ఉంటుంది. కెనడాలో అడుగుపెట్టడానికి మీ నలుగురిలో ఎవరికైనా వీసా కావలసి ఉంటే ఆ రుసుమూ, ఆ సమయమూ లెక్కలోకి రావాలి. ఈ రెండూ క్రూజ్ సంస్థ చూపే ధరలో ఉండవు. కాబట్టి మాస్టారు గారు చెప్పిన కాగితం మీద ఇంకొక వరుస గీయండి.

రెండోబోగీ

రైలు గురించి ఎవరూ విడమరచి చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. సెవార్డ్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ దాకా అలాస్కా రైల్‌రోడ్ ప్రధాన మార్గం సుమారు 470 మైళ్లు, అంటే దాదాపు 756 కిలోమీటర్లు. పట్టాలూ ఇంజనూ వాళ్లవి. క్రూజ్ సంస్థలు గాజు పైకప్పు ఉన్న తమ సొంత బోగీలను ఆ రైళ్లకు తగిలిస్తాయి. పై అంతస్తులో సీట్లు, కింది అంతస్తులో భోజనశాల ఉంటాయి. వంపు తిరిగే చోట మీ రైలు ముందు భాగం మీకే కనబడుతుంది, నది మీద వంతెన దాటుతుంటే తల పైకెత్తకుండానే రెండు కొండలూ కళ్లలో పడతాయి. కిందికి వెళ్లి భోజనం చేస్తే బిల్లు విడిగా చెల్లించాలన్నది మాత్రం పైన కూర్చున్నంతసేపూ గుర్తుకు రాదు.

అసలు ప్రశ్న ఏమిటంటే, రైలులో గడిచే పగలును మీరు యాత్రగా లెక్కిస్తారా, రవాణాగా లెక్కిస్తారా అన్నది. విట్టియర్‌కు దగ్గరి పెద్ద నగరమైన యాంకరేజ్ నుంచి డెనాలికి కారులో నాలుగైదు గంటలు పడితే రైలులో ఏడున్నర గంటలు పడుతుంది. విట్టియర్ రేవు దగ్గర ఓడ దిగినవారిని నేరుగా రైలెక్కించే ఏర్పాటు కొన్ని ప్యాకేజీలలో ఉంది. రైలూ కార్లూ ఒకే దారిని వంతులవారీగా వాడుకునే రెండున్నర మైళ్ల సొరంగం దాటి ఆ బండి బయటపడుతుంది. రైలంటే ఇష్టమున్నవారికి ఆ రోజు పండుగ. లేనివారికి నాలుగు రాత్రుల యాత్రలో ఒక పగలు కిటికీ పక్కన కరిగిపోయినట్టే. నేను మొదటి రకం మనిషిని కాబట్టి నా తీర్పును కొంచెం తగ్గించి తీసుకోండి.

సొంతదారి

నేను రెండో రకం మనిషిని. నలుగురికి నాలుగు రైలు టికెట్లు, నాలుగు బస్సు సీట్లు కొనవలసిందే. అద్దె కారు మాత్రం ఇద్దరెక్కినా నలుగురెక్కినా ఒకటే అద్దె. అందుచేత ప్యాకేజీ ధర మనుషులతో పాటు పెరుగుతుంది, సొంత ఏర్పాటు ధర అంతగా పెరగదు. పిల్లలున్న కుటుంబాలకు ఇది మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఓడలో ఒకే క్యాబిన్‌లో మూడో మనిషికీ నాలుగో మనిషికీ ధర బాగా తగ్గుతుంది గాని, భూభాగ యాత్రలో ఆ తగ్గింపు అదే స్థాయిలో ఉంటుందనుకోకూడదు.

కారు తీసుకునేవారు చూడవలసినవీ ఉన్నాయి. యాంకరేజ్‌లో తీసుకుని ఫెయిర్‌బ్యాంక్స్‌లో అప్పగిస్తే అదనపు రుసుము వేస్తారు. అక్కడి అద్దె ఒప్పందాలు చాలావరకు కంకర రోడ్ల మీద నడపడానికి ఒప్పుకోవు. క్యాంట్‌వెల్ నుంచి ప్యాక్సన్ దాకా ఉన్న 135 మైళ్ల డెనాలి హైవే ఎక్కువ భాగం కంకరే. పటంలో అడ్డదారిలా కనిపించింది కదా అని ఎక్కి, టైరు పగిలితే బీమా అక్కరకు రాదు. వేసవిలో కార్లకూ, డెనాలి దగ్గర గదులకూ గిరాకీ ఎక్కువ. నెలల ముందే చూసుకోకపోతే మిగిలిన గది ధర ప్యాకేజీని మించిపోతుంది.

కొండదారి

అందరూ ధర చుట్టూ తిరుగుతున్నారు. ఆ ధరకు ఎక్కడ పడుకోబెడుతున్నారో కూడా చూడాలి. డెనాలి పేరుతో రెండు పార్కులున్నాయి. ఒకటి 1917లో ఏర్పడిన డెనాలి జాతీయ పార్కు. రెండవది దానికి ఆగ్నేయంగా ఉన్న డెనాలి రాష్ట్ర పార్కు. కొన్ని ప్యాకేజీలలో రెండు రాత్రులు డెనాలి అని ఉంటుంది గాని, అందులో ఒకటి దక్షిణాన, జాతీయ పార్కు ద్వారానికి కారులో రెండు గంటలకు పైగా దూరంలో ఉన్న లాడ్జిలో గడుస్తుంది. అది మోసం కాదు. మబ్బు లేని రోజున డెనాలి శిఖరం ఆ దక్షిణం వైపు నుంచే నిండుగా కనబడుతుంది. కానీ జంతువులను చూద్దామని పోయేవారికి కావలసింది పార్కు ద్వారం దగ్గరి రాత్రులు. బుక్ చేసే ముందు ప్రతి రాత్రికీ లాడ్జి పేరు అడిగి, పటంలో పెట్టి చూడండి.

పార్కులోపల ఉన్నది ఒకే రోడ్డు, పొడవు 92 మైళ్లు. వేసవిలో సొంత కార్లను మొదటి 15 మైళ్ల దాకానే అనుమతిస్తారు, ఆపైన బస్సులే. ప్రెటీ రాక్స్ అనే చోట కొండ జారడం వల్ల 2021 ఆగస్టులో ఆ రోడ్డును 43వ మైలు దగ్గర మూసివేసి, అక్కడ వంతెన కట్టే పని మొదలుపెట్టారు. మీరు వెళ్లే వేసవికి రోడ్డు ఎందాకా తెరిచి ఉంటుందో పార్కు వారి ప్రకటనలోనే చూడాలి, పాత యాత్రా వ్యాసాలలో చదివిన, ఆ రోడ్డు చివరి భాగంలో ఉన్న వండర్ లేక్ సరస్సు దృశ్యాల మీద ఆశ పెట్టుకుని డబ్బు కట్టకూడదు. ఇక ప్యాకేజీలో పార్కు పర్యటన అని ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్నింటిలో పొట్టి పర్యటనే ఉంటుంది, పొడవైనదానికి మారాలంటే అదనంగా కట్టాలి. పొట్టిదానిలో ఎక్కువసేపు అడవి అంచునే తిరుగుతారు. చెట్లు పలచబడి, ఎలుగుబంటి దూరం నుంచే కంటపడే తెరపి నేల ఇంకా లోపలికి పోతే గాని రాదు. వ్యాఖ్యానం అక్కరలేదనుకుంటే పార్కు వారి మామూలు బస్సులు తక్కువ ధరకే దొరుకుతాయి. నచ్చిన చోట దిగి, కాసేపు నడిచి, ఖాళీ ఉన్న మరొక బస్సు ఎక్కవచ్చు.

శిఖరం కనబడటం అదృష్టం. ఎండాకాలంలో ఎక్కువ రోజులు మబ్బుల్లోనే ఉంటుంది. 6,190 మీటర్ల కొండ తన వాతావరణాన్ని తానే తయారు చేసుకుంటుంది, దానికి ఏ సంస్థా హామీ ఇవ్వదు.

నీలిసంద్రం

కొండదారి గారూ, మీరు చెప్పాక చూస్తే మా ప్యాకేజీలో పార్కు ద్వారం దగ్గర ఒక్క రాత్రే ఉంది, రెండవది దక్షిణ లాడ్జిలోనే. ఇది నాకు తట్టనేలేదు. సొంతదారి గారి లెక్కలో న్యాయముంది గాని, మా మామగారు కారులో రెండు గంటలకు మించి కూర్చోలేరు, నాకు కొత్త చోట బండి నడపడం భయం, మావారు ఒక్కరే అంత దూరం నడపాలి. పెట్టెలు కూడా మాకు పెద్ద సమస్యే.

మంచుగడ్డ

పెట్టెల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ప్యాకేజీలో పెద్ద పెట్టెలను వారే లారీలో తరలిస్తారు, మీరు చేతి సంచీతో రైలెక్కుతారు. వినడానికి ఎంతో హాయి. కానీ బయలుదేరే రోజు తెల్లవారకముందే పెట్టెను గది బయట పెట్టాలి, కొన్ని యాత్రలలో అది ముందుగా వేరే లాడ్జికి పోయి, మీకు ఒకటి రెండు రాత్రుల తరువాత గాని కనబడదు. మా బృందాన్ని తీసుకువెళ్లిన సంస్థ ఏ పెట్టె ఎక్కడికి పోతుందో ముందుగా సరిగ్గా చెప్పలేదు. ఒక పెద్దాయన ఉన్ని కోటు, ఉదయం వేసుకునే మందులు రెండూ అందులో పోయాయి. పార్కు బస్సు పొద్దున్నే బయలుదేరింది, ఆయన తన భార్య శాలువా కప్పుకుని కూర్చున్నారు. ఆ రోజంతా ఆవిడ ఆ సంస్థను తిడుతూనే ఉన్నారు, తప్పు పట్టడానికి లేదు. మీ అత్తమామల మందులు, ఒక్కొక్క వెచ్చని కోటు చేతి సంచీ దాటి పోనివ్వకండి.

ఇక ధరలో లేనివి. ఓడలో భోజనం టికెట్‌లోనే ఉంటుంది కాబట్టి దిగాక కూడా అంతేననుకుంటాం. మామూలు ప్యాకేజీలలో లాడ్జి భోజనాలు కలిసి ఉండవు. బృందంతో పాటు మార్గదర్శి వచ్చే పై తరగతి యాత్రలలోనే చాలా భోజనాలు కలుస్తాయి. డెనాలి ద్వారం దగ్గర వేసవిలో మాత్రమే తెరిచే కొద్దిపాటి హోటళ్లుంటాయి, వాటి ధరలు ఆ కొద్ది నెలల సంపాదనను బట్టే ఉంటాయి. నలుగురికి మూడు పూటలూ, నాలుగైదు రోజులూ వేసుకుంటే తడిసి మోపెడవుతుంది. టిప్పులు ఓడలో రోజుకింత అని బిల్లులోనే పడతాయి, భూమి మీద బస్సు డ్రైవర్లకూ గైడ్లకూ మీరే ఇవ్వాలి. రెండు ధరలను పోల్చేముందు వీటిని రెండు వైపులా వేయండి. కారులో వెళ్లినా తినకుండా ఉండరు కాబట్టి, ఈ ఖర్చు వల్ల ప్యాకేజీ ఒక్కటే ఖరీదైనదని చెప్పడం కూడా న్యాయం కాదు.

ప్రయాణ వివరాలలో రైలు లేదా బస్సు అని రాసి ఉన్న చోట బస్సే అనుకుని ధర కట్టుకోండి. రైలే వస్తే సంతోషం.

లెక్కలమాస్టారు

మంచుగడ్డ గారి మాటకు నాదొక చేర్పు. ప్యాకేజీలో మనం కొనేది గదులూ టికెట్లూ మాత్రమే కాదు, ఆలస్యం జరిగితే ఆ తలనొప్పిని మోసేవారిని కూడా కొంటాం. భూభాగ యాత్ర ముందు, ఓడ తరువాత పెట్టుకున్నవారికి ఇది ముఖ్యం. సొంతంగా వచ్చేవారి బండి ఆలస్యమైతే ఓడ ఆగదు. సంస్థ ఏర్పాటు చేసిన రైలే ఆలస్యమైతే ప్రయాణికులను ఓడకు చేర్చే బాధ్యత సంస్థదే అవుతుంది. మీలాగా ఓడ ముందు, భూమి తరువాత అయితే ఈ ప్రమాదం చాలా తగ్గుతుంది, కాబట్టి ఆ రక్షణకు మీరు ఎక్కువ ధర కట్టవలసిన పనిలేదు. ఈ తేడాను చాలామంది లెక్కలోకి తీసుకోరు.

దీనికి ఎదురు వైపు రద్దు షరతులు. రెండూ కలిపి కొన్నప్పుడు, అనారోగ్యం వచ్చి ఒక భాగం వదులుకోవలసి వస్తే, వాడని రాత్రులకు డబ్బు సాధారణంగా తిరిగి రాదు. విడివిడిగా కొంటే లాడ్జి గదిని వారి గడువులోపు రద్దు చేసుకోవచ్చు. పెద్దవారితో వెళుతున్నారు కాబట్టి ప్రయాణ బీమా తీసుకోండి, ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందో లేదో షరతులు చదివే తీసుకోండి. ఆ ప్రీమియం కూడా కాగితం మీదికి రావలసిందే.

రెండోబోగీ

మాస్టారు గారూ, భూమి ముందు పెట్టుకోవడంలో ఒక లాభం ఉంది. రోజూ పెట్టె సర్దుతూ తెల్లవారుజామున లేచే పని ముందే అయిపోయి, తరువాత ఏడు రాత్రులు ఒకే గదిలో విశ్రాంతి దొరుకుతుంది. పెద్దవారికి ఆ వరుసే మేలని నా అభిప్రాయం.

లెక్కలమాస్టారు

ఒప్పుకుంటాను. విశ్రాంతి కోసం ఆ వరుస, నిశ్చింత కోసం ఈ వరుస. ధరలు మాత్రం రెండు వైపులకూ విడిగా అడిగి చూడాలి, ఒకే ఓడకు ఉత్తరం వైపు, దక్షిణం వైపు ప్రయాణాల ధరలు తరచుగా వేరుగా ఉంటాయి.

సొంతదారి

నీలిసంద్రం గారి ఇంటి పరిస్థితి విన్నాక నా సలహా మార్చుకుంటున్నాను. అయితే ప్యాకేజీ, కారు అనే రెండే దారులు లేవు. ఓడను ఒక్కటిగా కొని, విట్టియర్ నుంచి యాంకరేజ్‌కు బస్సు తీసుకుని, ఒక రాత్రి ఆగి, మరునాడు అలాస్కా రైల్‌రోడ్‌లో మీరే టికెట్ కొనుక్కుని డెనాలికి వెళ్లవచ్చు. అక్కడ రెండు రాత్రులు ద్వారం దగ్గరే ఉండి, మళ్లీ రైలులో నాలుగు గంటల్లో ఫెయిర్‌బ్యాంక్స్ చేరవచ్చు. ఎవరూ స్టీరింగు పట్టుకోనక్కరలేదు. మీ నాలుగు రాత్రులూ ఇందులో సరిగ్గా సరిపోతాయి. రైలులో పెద్ద పెట్టెలను సామాను బోగీలో వేసుకుంటారు గాని, స్టేషన్ నుంచి గదికి చేర్చుకోవడం మీ పని.

నీలిసంద్రం

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు గారు చెప్పినట్టు కాగితం మీద మూడు నిలువు గళ్లు గీసి, ప్యాకేజీ, కారు, సొంతదారి గారు చెప్పిన రైలు దారి పక్కపక్కన వేసి చూశాం. నలుగురికీ భోజనాలు, విమానాలు, బీమా మూడింటిలోనూ వేశాం. కారు దారి అన్నింటికంటే తక్కువకు వచ్చింది గాని, పైన చెప్పిన కారణాలతో దానిని పక్కన పెట్టాం. ప్యాకేజీకీ రైలు దారికీ తేడా మేం అనుకున్నంత లేదు, మాస్టారు గారి పదిహేను శాతం గీతకు ఇవతలే నిలిచింది. ధర చూస్తే ప్యాకేజీ తీసుకోవచ్చు. కానీ అందులో ద్వారం దగ్గర ఒక్క రాత్రే ఉండటం, పార్కు పర్యటన పొట్టిది కావడం మాకు నచ్చలేదు. అదే సంస్థ వద్ద ద్వారం దగ్గర రెండు రాత్రులుండే మరొక ప్యాకేజీ ఉంది, కాస్త ఎక్కువ. ఏజెంటును పొడవైన పర్యటనకు మార్చడానికి ఎంతవుతుందో రాతపూర్వకంగా అడిగాను. ఆ అదనం వేశాక కూడా మొత్తం గీత దాటకపోతే ప్యాకేజీ, దాటితే రైలు దారి. ఒక్క సందేహం. పొడవైన పర్యటన మా మామగారికి కష్టమవుతుందా?

కొండదారి

అవుతుందో లేదో ఆయన ఎంతసేపు కూర్చోగలరన్నదాన్ని బట్టి ఉంటుంది. కారులో రెండు గంటలకు మించి కూర్చోలేనివారికి ఇది అంత తేలిక కాదు. అవి చాలావరకు బడి బస్సుల్లాంటి బస్సులు, సీట్లు మెత్తగా ఉండవు, మొదటి 15 మైళ్లు దాటాక రోడ్డు కంకరది. దారిలో విశ్రాంతి స్థలాల దగ్గర ఆపుతారు, జంతువు కనబడినప్పుడల్లా కూడా ఆపుతారు గాని అప్పుడు దిగనివ్వరు. నేనైతే మీ ఇద్దరికీ పొడవైనది, వారిద్దరికీ పొట్టిది తీసుకుంటాను. ఒకే గుంపుగా బుక్ చేసినా పర్యటనలను మనిషికొకటిగా మార్చుకోవడానికి వీలుంటుందేమో ఏజెంటుకు రాసే ఉత్తరంలోనే అడగండి, అప్పుడు అదనం నలుగురికి కాక ఇద్దరికే పడుతుంది.